పిల్లల వైద్యానికి ఓ పోపుల డబ్బా

పోపుల డబ్బాలో మనం దాచుకున్న డబ్బు బాబు జలుబు మందుకు సరిపోతుంది. గుండెలో రంధ్రం ఉందంటేనో? నగలమ్మినా చాలదు. అలాంటి పసివాళ్ల కోసమే జాతీయ ఆరోగ్య మిషన్ నిధులతో 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఒకసారి వైద్య బృందం రావాలి. గ్రహణమొర్రి, వంకర పాదాలు, పుట్టు చెవుడు, గుండె జబ్బు ఏది బయటపడినా ఉచితంగా చికిత్స చేయించాలి. 18 ఏళ్ల వరకూ ఇది వర్తిస్తుంది.

పాలు తాగేటప్పుడు పాపకు చెమటలు పడుతున్నాయా? ఏడిస్తే పెదాలు నీలంగా మారుతున్నాయా? దిష్టి తగిలిందిలే అని ఊరుకోకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. బృందం ఎప్పుడొస్తుందో అంగన్‌వాడీ టీచరును అడగండి. అడగడానికి మొహమాటమెందుకు? ఆ డబ్బు మనం కట్టే పన్నుల్లోదేగా!