విజ్ఞాన ప్రసారం: ఎవరి భాషలో, ఎవరి కోసం?

సైన్సును ప్రజలకు చెప్పడం ఒక పని. చెప్పింది ఎలా చేరుతోంది, విన్నవాళ్లు దాన్ని ఏం చేసుకుంటున్నారు అని పరిశీలించడం వేరే పని. మొదటి పనిని కొడవటిగంటి కుటుంబరావు, మహీధర నళినీమోహన్ వంటి రచయితలు తెలుగులో సమర్థంగా చేశారు. రెండో పనికి ఈనాడు ప్రపంచంలో ఒక పరిశోధనా శాఖే ఉంది, దానికి సొంత పత్రికలున్నాయి. ఆ శాఖ భవిష్యత్తు ప్రధానంగా భాషకు సంబంధించిన సమస్య. అంచేత అది సాహిత్యకారుల సమస్య కూడా.

1985లో లండన్ రాయల్ సొసైటీ ఒక నివేదిక ప్రచురించింది. ప్రజలు సైన్సును అర్థం చేసుకోవాలి, చెప్పే బాధ్యత శాస్త్రజ్ఞులదే అని దాని సారాంశం. మంచి మాటే. కాని ఆ ఆలోచన అడుగున ఒక ఊహ ఉంది: ప్రజలు ఖాళీ కుండలు, నింపితే చాలునని. విమర్శకులు దీనికి ‘లోటు నమూనా’ అని పేరు పెట్టారు. 1992లో ‘పబ్లిక్ అండర్‌స్టాండింగ్ ఆఫ్ సైన్స్’ అనే పత్రిక మొదలైంది. ఆ ఏడే అందులో బ్రయన్ విన్ రాసిన వ్యాసం ఈ ఊహను గట్టిగా దెబ్బతీసింది. 1986 చెర్నోబిల్ ప్రమాదం తర్వాత ఇంగ్లండులోని కంబ్రియా కొండల్లో గొర్రెల అమ్మకంపై ఆంక్షలు పెట్టారు. మూడు వారాల్లో అంతా సర్దుకుంటుందని నిపుణులు చెప్పారు. వాళ్ల లెక్క బంకమట్టి నేలలకు సరిపోతుంది. ఆ కొండల ఆమ్ల నేలలు సీసియాన్ని పట్టి ఉంచక గడ్డికి అందిస్తూ వచ్చాయి. చివరి ఆంక్షలు తొలగేసరికి 2012 వచ్చింది. తమ నేలను, మేతను ఎరిగిన కాపరుల్ని నిపుణులు లెక్కచెయ్యలేదు. ఇక్కడ లోటు ఎవరిది?

ఇప్పుడు మన ఉద్దానానికి వద్దాం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా మనుషుల్ని తింటోంది. మధుమేహం, రక్తపోటు లేనివాళ్లకూ వస్తోంది. నీరు, లోహాలు, పురుగుమందులు, ఎండలో చాకిరీ, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అన్నిటినీ అనుమానించారు. అన్నిచోట్లా ఒప్పుకున్న ఒకే కారణం తేలలేదు. శ్రీలంకలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ, పరిశోధనా కేంద్రమూ, వంశధార నీటిని తెచ్చే మంచినీటి పథకమూ ప్రారంభమయ్యాయి.

ఈ జబ్బు మీద పరిశోధనా వ్యాసాలు వచ్చాయి. అవి ఇంగ్లీషులో ఉన్నాయి. రక్తమూ, మూత్రమూ, నీరూ, మన్నూ ఇచ్చినవాడు ఆ వ్యాసాన్ని చదవలేడు. తెలుగులోకి మార్చితే సరిపోదా అంటారు. ఈ రోజుల్లో ఆ పని యంత్రమే నిమిషంలో చేస్తుంది. కాని చిక్కు మాటల్లోనే ఉంది. ఫలానా లోహానికీ జబ్బుకీ ‘సంబంధం’ కనిపించిందని వ్యాసం చెబుతుంది. అంటే రెండూ కలిసి కనిపించాయని మాత్రమే అర్థం. మన వాడుకలో ‘సంబంధం ఉంది’ అంటే అదే కారణమని వినిపిస్తుంది. ‘కారణం తేలలేదు’ అంటే ఇంకా వెతుకుతున్నామని శాస్త్రజ్ఞుడి భావం. ఏదో దాస్తున్నారని బాధితుడు అనుకోవచ్చు. ఈ రెండు అర్థాల మధ్య దూరాన్ని కొలవడం నిఘంటువు పని కాదు. భాష తెలిసి, ఊళ్లో కూర్చుని వినగలిగిన పరిశోధకుడి పని.

ఈ పద్ధతికి మనకు పూర్వుడున్నాడు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ సవరలకు చదువు చెప్పాలనుకున్నాడు. ముందు తాను సవర భాష నేర్చుకున్నాడు. వాళ్ల భాషకు వ్యాకరణమూ, నిఘంటువూ తయారుచేశాడు. 1919లో ‘తెలుగు’ పత్రిక నడిపి, చదువు జనం మాట్లాడే భాషలో ఉండాలని వాదించాడు. చెప్పబోయేవాడు ముందు నేర్చుకోవాలన్న సూత్రాన్ని ఆయన ఆచరణలో చూపించాడు.

పత్రికల సంగతి. 2002లో ఇటలీలోని ట్రియెస్టె నుంచి మొదలైన ‘జేకామ్’ పత్రిక చదివేవాళ్ల దగ్గరా, రాసేవాళ్ల దగ్గరా డబ్బు తీసుకోదు. 2018లో లాటిన్ అమెరికా కోసం స్పానిష్, పోర్చుగీసు భాషల్లో దాని సోదర పత్రిక వచ్చింది. అంటే ఈ శాస్త్రం ఇంగ్లీషులోనే బతకాలన్న నియమం లేదు. మన దేశంలో శాస్త్రీయ దృక్పథం 1976లో రాజ్యాంగంలో పౌరుల విధిగా చేరింది. 1989లో ఏర్పడిన విజ్ఞాన్ ప్రసార్ సంస్థను మాత్రం 2023లో మూసేశారు.

స్పానిష్‌కు అనేక దేశాలున్నాయి, తెలుగుకు ఏమున్నాయని అడగవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల పైచిలుకు. కొరత జనానిది కాదు, గుర్తింపుది. ఉద్యోగాలూ, పదోన్నతులూ ఇంగ్లీషు వ్యాసాలకే దక్కుతున్నంతకాలం తెలుగులో పరిశోధన రాసేవాడు నష్టపోతాడు. ఇది విశ్వవిద్యాలయాల విధానం. దాన్ని మార్చమని అడగవలసిందే.

అందాకా చేతులు ముడుచుకోనక్కరలేదు. తెలుగు ఎమ్.ఏ. విద్యార్థి ఉద్దానంలో జబ్బు గురించి వాడే మాటల్ని సేకరించి విశ్లేషించవచ్చు. పాత సైన్సు వ్యాసాలు పాఠకుణ్ణి ఎలా సంబోధించాయో పరిశీలించవచ్చు. సాహిత్య పత్రికలు ఇలాంటి పనికి ఏటా కొన్ని పుటలు కేటాయించవచ్చు. అచ్చయ్యే ముందు ఆ వ్యాసాన్ని ఊళ్లో చదివి వినిపించి, అక్కడివాళ్లు చెప్పిన సవరణలను కూడా అచ్చువెయ్యాలి. పండితుల పరిశీలనతో పాటు ఆ పరిశీలన కూడా జరిగినప్పుడే ఈ శాస్త్రానికి తెలుగులో భవిష్యత్తు.