ఆటపటముపై సముద్రమును గీయుట యెట్లు?

సముద్రమునకు సుదూరమైన కుల్కచర్లలో, అరుగుపై సుద్దతో పులిజూదము గీచికొను బాలలు వలసకాలపు ఓడవ్యాపారమును గూర్చి యొక ఆటపటమును కల్పింపఁదలఁచినచో, భూగోళపటమును చూచి యథాతథముగా వ్రాయరాదు. ఏలయన, తెరచాపల కాలమున నావికుఁడు దూరమును క్రోసులతోఁ గాక ఋతువులతోఁ గొలిచెడివాఁడు.

1611లో ఆంగ్లేయులును, వారికి ముందే డచ్చివారును గోలకొండ సుల్తానుల రేవగు మచిలీపట్నమున వర్తకస్థానములు నెలకొల్పిరి. వేసవి కడపట మొదలగు నైరృతిపవనము ఓడలను ఈశాన్యమునకు నెట్టఁగా, శీతకాలమున ఈశాన్యపవనము వానిని మరలించెడిది. కావున గాలివాటున నొక వంతులో దాఁటు గడిని, ఎదురుగాలిలో మూఁడు వంతులలో దాఁటవలెనని నియమింపుఁడు. ఓడలు లోతులేని తీరమును చేరలేక దూరమున లంగరు వేయఁగా చిన్నపడవలు సరకులను మోసెడివి గనుక, రేవుగడికి ముందు లంగరుగడి యుండుట యుచితము. కార్తికమాసపు తుపానుల మాట మఱవకుఁడు!

ఇఁక సరకుల మార్గము. ఐరోపావారు వెండి తెచ్చి యిచ్చట అద్దకపు వస్త్రములను గొని, వానిని తూర్పుదీవులలో జాజికాయ, లవంగములకు మార్చుకొనెడివారు. ఆ వస్త్రములను నేసిన సాలెవాని యింటికి గడి లేని పటము, నా మతమున, అసత్యపటమే.

1759లో ఆంగ్లేయులు ఫ్రెంచివారినుండి మచిలీపట్నపు కోటను ముట్టడించి గైకొనిరి. కావున ఆట చివరిభాగమున రేవుగడిపైఁ గోటబిళ్ల నుంచుటకుఁ జోటు విడువుఁడు.