వీలునామా రాస్తే సరిపోదు.. సాక్షులే కీలకం
పిత్రార్జితంలో కుమార్తెల వాటాను తండ్రి రాయలేడు

విజయవాడ: కృష్ణా డెల్టాలో భూముల విలువ పెరిగేకొద్దీ వారసత్వ తగాదాలు కోర్టు మెట్లెక్కుతున్నాయి. ఇది ఈనాటి బెడద కాదు. అమరావతిని రాజధానిగా చేసుకున్న జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు ఇద్దరిని దత్తత తీసుకుని 1816లో కన్నుమూశారు. ఆ దత్తతల వివాదం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. మొదటి దత్తపుత్రుడు జీవించి ఉండగా రెండో దత్తత చెల్లదని 1846లో తీర్పు వెలువడింది. అప్పటికి ముప్ఫై ఏళ్లు గడిచిపోయాయి.

నేటి తగాదాల్లో ఎక్కువగా కనిపించేది వీలునామా. దీనికి స్టాంపు కాగితం అక్కరలేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. అయితే 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. రాసిన వ్యక్తి సంతకం చేయడం చూసిగాని, అది తన సంతకమేనని ఆయన చెప్పగా విని గాని, ఆయన సమక్షంలోనే వారు సంతకాలు చేయాలి. వివాదం వస్తే వారిలో కనీసం ఒకరు కోర్టులో సాక్ష్యం చెప్పవలసి ఉంటుంది. వయసులో తనకన్నా పెద్దవారిని సాక్షులుగా పెట్టుకుంటే ఆనాటికి చెప్పేవారే మిగలకపోవచ్చు. ఆస్తి పొందే వ్యక్తే దగ్గరుండి రాయిస్తే కోర్టులు అనుమానంతో చూస్తాయి. వీలునామాను సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపరిచే వీలు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉన్నా, దాన్ని వాడుకునేవారు అరుదు.

ఆడపిల్లల హక్కు
పసుపు కుంకుమల కింద అర ఎకరమో, ఎకరమో ఇచ్చాం కదా, ఇక ఆడపిల్లకు వాటా ఏమిటన్న మాట డెల్టా పల్లెల్లో నేటికీ వినిపిస్తుంది. చట్టం అలా చెప్పడం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చేలా చట్టాన్ని సవరించి, అప్పటికి వివాహం కాని కుమార్తెలకు పిత్రార్జితంలో కుమారులతో సమాన హక్కు కల్పించింది. 2005 నాటి కేంద్ర సవరణ పెళ్లయిన కుమార్తెలకూ ఆ హక్కును విస్తరించింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండవలసిన అవసరం లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజు ద్వారాగాని, కోర్టు డిక్రీ ద్వారాగాని పూర్తయిన పంపకాల జోలికి మాత్రం చట్టం వెళ్లదు. స్వార్జితాన్ని తండ్రి ఎవరికైనా రాసుకోవచ్చు. పిత్రార్జితంలో మాత్రం తన వాటా మేరకే వీలునామా చెల్లుతుంది. మొత్తం పొలాన్ని కొడుకు పేర రాసేసి నిశ్చింతగా ఉన్న కుటుంబాలు దెబ్బతింటున్నది ఇక్కడే.

బతికుండగానే రాసిస్తే..
వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. రిజిస్టరైన దాన సెటిల్‌మెంటు అలా కాదు, ఆస్తి అప్పుడే చేయి దాటిపోతుంది. పోషణ బాధ్యత చూడాలన్న షరతుతో రాసిచ్చి నిరాదరణకు గురైన వృద్ధులు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌ను ఆశ్రయించి దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022లో సుప్రీంకోర్టు పేర్కొంది. 2025 జనవరిలో మరో తీర్పులో, వృద్ధులకు మేలు జరిగేలా ఈ చట్టాన్ని ఉదారంగా అన్వయించాలని చెప్పింది. ఏమైనా షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించుకోవడం క్షేమం. పిల్లలతో మొహమాటపడి ఆ ఒక్క వాక్యం వదిలేయడం వల్లే చిక్కులు వస్తున్నాయి.

మానసిక వైకల్యం గల బిడ్డ ఉన్నవారికి 1882 నాటి ట్రస్టుల చట్టం కింద ప్రైవేటు ట్రస్టు మంచి మార్గం. స్థిరాస్తిని ట్రస్టుకు చేర్చాలంటే రిజిస్టరు దస్తావేజు గాని, వీలునామా గాని ఉండాలి. ట్రస్టీ లెక్కలు రాయాలి, ట్రస్టు ఆస్తితో సొంత లాభం చూసుకోరాదు.

బ్యాంకు ఖాతాలో నామినీ పేరున్నంత మాత్రాన ఆ సొమ్ము ఆయనదైపోదు. అసలు వారసుల తరఫున తీసుకునే వ్యక్తి మాత్రమే. ఇక అమెరికాలోని కొడుకు పంపే పవరాఫ్ అటార్నీకి, అది భారత్‌కు చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ చెల్లించాలి.