రెండు నదుల నడుమ పట్టునగరము

దూరదేశములు చూడబోవువారు సామాన్యముగా కోటలను, గుడులను, రాజుల విగ్రహములను చూచి, వానిని కట్టించినవారి పేర్లు వ్రాసికొని మరలివత్తురు. కట్టినవారి పేరు అడుగువారు అరుదు. మేమును ఫ్రాన్సుదేశమునందలి లియోన్ నగరమునకు అట్టి తలంపుతోడనే పోతిమి. కాని యచ్చట నేతపని చేయు ఒక వృద్ధురాలు మమ్ము అడిగిన చిన్న ప్రశ్న మా చూపును మార్చివైచినది. ఆ సంగతి మా సోదరీమణులకు చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పారిస్ నుండి వేగముగా పోవు రైలులో సుమారు రెండు గంటలలో లియోన్ చేరవచ్చును. మా మేనకోడలు ఆ దేశమున చదువుకొనుచున్నది, ఫ్రెంచిభాష ఎరిగినది. ఆమె స్టేషనుకు ఎదురువచ్చి మమ్ము వెంటబెట్టుకొని పోయినది. ఈ నగరము రోను, సోను అను రెండు నదుల నడుమను, వాని యిరుగట్లమీదను వ్యాపించియున్నది. రోను స్విట్జర్లాండు మంచుకొండలలో పుట్టి, జెనీవా సరస్సు దాటి ఉరవడిగా వచ్చును. సోను ఉత్తరమునుండి నెమ్మదిగా, ఇల్లాలు బిందె చంకనిడుకొని నడచినట్లు వచ్చును. మనకు గంగ, గోదావరి, కృష్ణవేణి అందరును తల్లులే. ఫ్రెంచివారి భాషలో రోను పుంలింగము, సోను స్త్రీలింగము. నగరమునకు దక్షిణమున రెండును కలియును. అచ్చటినుండి సముద్రమువరకు రోను అను పేరే నిలుచును. సోను పేరు అంతటితో సరి. ఈ మాట చెప్పి మా మేనకోడలు, “అత్తయ్యా! పెండ్లియైన పిల్ల ఇంటిపేరు పోయినట్లే గదా!” యని నవ్వినది. మేమును నవ్వితిమి.

మొదటి దినము ఉదయమున సోను నదికి పడమటనున్న ఫూర్వియేర్ కొండ నెక్కితిమి. ఏటవాలు పట్టాలమీద ఇనుపత్రాటితో లాగబడు చిన్న రైలుబండి మోకాళ్ల నొప్పిగలవారినిగూడ సుఖముగా పైకి చేర్చును. కొండమీద తెల్లని పెద్ద దేవాలయము కలదు. దాని నిర్మాణము 1872వ సంవత్సరమున ఆరంభమైనది. అచ్చటినుండి చూడగా ఎర్రని పెంకుటిండ్లు, రెండు నదులు, వాని వంతెనలు, అన్నియు పటమునందు వ్రాసినట్లు కనబడును. ఆ సమీపముననే రోమకులు కట్టిన రాతి నాటకశాల యున్నది. క్రీ.పూ. 43లో రోమకులు ఈ పట్టణమును స్థాపించి లుగ్దూనుము అని పేరిడిరి. రోమకచక్రవర్తి క్లాడియస్ క్రీ.పూ. 10లో ఇచ్చటనే పుట్టెను.

చక్రవర్తి పేరుతోబాటు ఒక దాసి పేరుగూడ ఈ నగరము మరువలేదు. క్రీ.శ. 177లో క్రైస్తవమతము నవలంబించిన కొందరిని ఇచ్చట హింసించి చంపిరి. వారిలో బ్లాందీన అను దాసీకన్య యొకతె. ఎన్ని బాధలు పెట్టినను ఆమె తన మాట విడువలేదట. వారు బలియైన ప్రదర్శనశాల శిథిలములు క్రోవారూస్ అను రెండవ కొండ వాలుమీద నున్నవి.

ఫూర్వియేర్ కొండను గూర్చి మరియొక ముచ్చట కలదు. 1852వ సంవత్సరమున కొండమీది మందిరమున మేరీమాత విగ్రహమును నిలుపదలచిరి. సెప్టెంబరునందు జరుగవలసిన ఉత్సవము సోను నదికి వరద వచ్చుటచే డిసెంబరు 8వ తేదికి మారినది. ఆ దినమునగూడ గాలివాన భయపెట్టెను. సాయంకాలమునకు ఆకాశము తేటపడగా, ఊరివారందరు ఎవరి కిటికీలలో వారు దీపములు వెలిగించి నిలిపిరట. నాటినుండి ఏటేట ఆ దినమున ఇంటింట దీపములు పెట్టుట ఆచారమైనది. ఇప్పుడు లక్షలకొలది జనము ఆ దీపోత్సవమునకు వచ్చుచున్నారు.

కొండ దిగినచో సోను గట్టున పాతలియోన్ అను భాగము వచ్చును. సన్నని రాతివీథులు, అయిదారు వందల యేండ్లనాటి మేడలు చూడముచ్చటగా నున్నవి. ఇచ్చటి విశేషము ట్రబూలు అను లోదారులు. ఒక వీథిలో మామూలు ఇంటి తలుపు తెరచి లోనికి పోయినచో, చీకటి నడవ, అటుపిమ్మట ముంగిలి, గుండ్రని మెట్లబురుజు, మరల నడవ వచ్చి తుదకు వేరొక వీథిలో తేలుదుము. వానిలో కొన్ని నేటికిని చూడవచ్చువారికి తెరచియుంచుచున్నారు. కాని పైన కాపురములున్నవి. కావున మెల్లగా మాటలాడుచు పోవలెను. ఒక ముంగిలిలో చిన్నబిడ్డ గుడ్డలు ఆరవేసియుండగా చూచి మాకు పరాయి ఊరను భావము పోయినది.

ఈ వీథులలో తిరుగుచు లూయీజ్ లాబే అను కవయిత్రిని తలచుకొంటిమి. ఆమె త్రాళ్లు పేనువాని కూతురు. త్రాళ్లు పేనువాని భార్య. 1555లో ఆమె కావ్యములు ఈ యూరనే అచ్చైనవి. పుస్తకపు మొదట తన యూరి యువతి యొకతెకు లేఖ వ్రాసి, స్త్రీలు కదురుమీదనుండి మనస్సును కొంచెము పైకెత్తి విద్యవైపు త్రిప్పవలెనని కోరినది. నాలుగువందల యేండ్లకు పైబడిన మాట!

రెండవ దినము క్రోవారూస్ కొండకు పోతిమి. ఊరివారు ఫూర్వియేరును ప్రార్థించు కొండ యనియు, దీనిని పనిచేయు కొండ యనియు అందురు. 1536లో ఫ్రాన్సిస్ రాజు ఇచ్చటి పట్టునేతకు ప్రత్యేకపు హక్కులిచ్చిన నాటినుండి లియోన్ పట్టు రాణుల చీనాంబరములకును, రాజమందిరముల తెరలకును వన్నెకెక్కినది. పందొమ్మిదవ శతాబ్దమున నేతగాండ్రు ఈ కొండమీద గుమిగూడిరి. వారిని కాన్యులు అందురు. అచ్చటి ఇండ్లకు కిటికీలు మిక్కిలి పొడవు. గదుల యెత్తు సుమారు నాలుగు మీటర్లు. అది వైభవముకొరకు కాదు. మగ్గము అంత యెత్తు. వెలుతురు పడవలెను, మగ్గము పట్టవలెను. మగ్గము పోగా మిగిలిన చోట వంట. దానిపైన అటకవంటి చెక్కమీద ఆలుమగలు, బిడ్డలు పండుకొనెడివారు. తెల్లవారినది మొదలు మగ్గపుచప్పుడే. బిస్తాంక్లాకు, బిస్తాంక్లాకు అని ఆ చప్పుడుకే వారొక పేరు పెట్టుకొనిరి.

ఈ కొండమీద కాన్యుల గృహము అను చిన్న ప్రదర్శనశాలయున్నది. అచ్చట జకార్డు మగ్గమును నడిపి చూపుదురు. జోసెఫ్ మరీ జకార్డు 1752లో ఈ యూరనే పుట్టిన నేతవాని కొడుకు. పూర్వము పూలబుటాలు నేయుటకు నేయువాడు గాక వేరొకరు ప్రక్కన నుండి, ఏ పేకకు ఏ పడుగుపోగులు లేవవలెనో ఆ త్రాళ్లను లాగుచుండవలెను. ఆ పని తరచుగా స్త్రీలకును పిల్లలకును వచ్చెడిది. దినమంతయు బరువులాగి వారి నడుములు వంగిపోయెడివి. జకార్డు తనకు ముందు కొందరు చేసిన ప్రయత్నములను కూర్చి, 1804లో రంధ్రములు పొడిచిన అట్టలతో ఆ పని జరుగునట్లు యంత్రము నమర్చెను. రంధ్రమున్నచోట కొక్కెము పోగును పైకెత్తును; లేనిచోట ఎత్తదు. ఒక్కొక్క పేకపోగునకు ఒక్కొక్క అట్ట. తరువాత జకార్డు ముఖచిత్రమునే పట్టులో నేసిరి. దానికి సుమారు 24,000 అట్టలు పట్టినవి. ఇంగ్లాండున బాబేజి అను పండితుడు తాను తలపెట్టిన గణనయంత్రమునకు ఈ అట్టల యుక్తినే గ్రహించెను. త్రాళ్లు లాగు స్త్రీలకు జకార్డు యంత్రముచే ఆ శ్రమ తప్పినది. ఆ కూలియు తప్పినది.

మగ్గము నడిపిన వృద్ధురాలు పని ఆపి మావైపు వచ్చినది. మేము ధర్మవరపు పట్టుచీర కట్టుకొని యుంటిమి. ఆమె అనుమతి యడిగి, కొంగును వ్రేళ్లతో త్రిప్పి, వెనుకవైపు చూచి, “ఇదియు జకార్డుపనియే” యని సంతోషించినది. నిజమే, ధర్మవరపు మగ్గములమీదను ఆ అట్టలే వ్రేలాడుచుండును. పిమ్మట ఆమె ఏమో అడిగినది. మా మేనకోడలు తెలుగుచేసి, “అత్తయ్యా! ఈ చీర ఎవరు నేసినారని అడుగుచున్నది” అన్నది.

మేము దుకాణము పేరు చెప్పితిమి. ఆమె తల యూపి, “అది అమ్మినవారి పేరు. నేసినవారెవరు?” అన్నది. మావద్ద ఉత్తరము లేదు. చీర వెల గురుతున్నది, కొన్న పండుగ గురుతున్నది, రంగు కుదరలేదని మూడు దుకాణములు తిరిగినది గురుతున్నది. నేసిన చేయి యెవరిదో ఒక్కనాడును తలపునకు రాలేదు. ఆమె మమ్ము నొప్పింపవలెనని అడుగలేదు. పనివారు పనివారిని గూర్చి అడిగినట్లే అడిగినది. అయినను మేము సిగ్గుపడితిమి.

ఆ పిమ్మట ఆమె చెప్పిన చరిత్రను శ్రద్ధతో వింటిమి. నాడు పట్టును, నమూనాను వర్తకులిచ్చెడివారు, మగ్గము నేతవానిది, కొలతనుబట్టి కూలి. మన నేతపేటలలోని షావుకారు పద్ధతికి ఇది చుట్టమే. 1831లో కూలిరేట్లు నిర్ణయించి, వర్తకులలో పలువురు వానిని త్రోసివేయగా, నవంబరునెలలో కాన్యులు కొండదిగి తిరుగబడిరి. పనిచేసి బ్రతుకుదుము, లేదా పోరాడి చత్తుము అనునది వారి మాట. కొన్నిదినములు నగరము వారి చేతిలో నుండెను. సైన్యము వచ్చి అణచెను. 1834 ఏప్రిలులో మరల తిరుగబడగా వందలమంది మడిసిరి.

స్త్రీల సంగతియు కలదు. నేతకు ముందు పట్టుపోగులను పురిపెట్టు కార్ఖానాలలో పనిచేయువారు చాలవరకు ఆడువారు. వారిలో అనేకులు పల్లెలనుండియు, ఇటలీలోని పీడ్మాంటునుండియు వచ్చి కార్ఖానా వసతులలోనే నిదురించు పడుచులు. 1869వ సంవత్సరపు వేసవిలో వారు కూలి హెచ్చింపుమనియు, పనిగంటలు తగ్గింపుమనియు సమ్మెకట్టిరి. ఫిలోమెన్ రోజాన్ అను కార్మికురాలు వారికి ముందు నిలిచినది. పనితోబాటు పడకయు యజమానిదేయైనప్పుడు సమ్మెకట్టుట యెంత సాహసమో గృహిణులకు చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి భోజనమునకు బూషోన్ అను పాతకాలపు భోజనశాలకు పోతిమి. అచ్చట వంటకములు చాలవరకు మాంసమయములు, శాకాహారులకు చిక్కే. కాని ఒకటి మాకు తగినది దొరకినది. దానిపేరు “కాన్యుల మెదడు”. బెదరవలదు! వడగట్టిన పెరుగువంటి పాలవిరుగులో ఉల్లి, వెల్లుల్లి, సువాసనాకులు సన్నగా తరిగి కలిపి, ఉప్పు, మిరియపుపొడి, కొంచెము నూనె, పులుపు చేర్చి రొట్టెతో తిందురు. ధనికులు గొర్రెపిల్ల మెదడు తినుచుండగా పేద నేతవానికి ఇదియే ఆ విందు అని పరిహాసముగా ఆ పేరు వచ్చినదందురు. మన యిండ్లలో గట్టిపెరుగుతో సులువుగా చేసికొనవచ్చును.

లియోన్ వంటలకు పేరు తెచ్చినవారును స్త్రీలే. ధనికుల ఇండ్లలో వంట చేసి, తరువాత సొంతముగా భోజనశాలలు తెరచిన వారిని అచ్చట అమ్మలు అని పిలిచిరి. వారిలో యూజెనీ బ్రాజియే 1895లో పుట్టిన పేదరైతుబిడ్డ. చిన్ననాటనే తల్లిని పోగొట్టుకొని పరులయింట పనికి కుదిరినది. 1921లో చిన్న భోజనశాల తెరచినది. 1933లో ఆమె రెండు భోజనశాలలకును మిషెలిన్ సంస్థవారు మూడేసి నక్షత్రములిచ్చిరి. జగత్ప్రసిద్ధుడైన వంటవాడు పాల్ బోకూజ్ ఆమెయొద్ద పని నేర్చినవాడే.

తుదిదినమున మోన్ప్లెజీర్ పేటలో ల్యూమియేర్ సోదరుల స్థలము చూచితిమి. 1895లో వారు తమ కార్ఖానా గుమ్మమునుండి పనివారు బయటికి వచ్చుటను చలనచిత్రముగా తీసిరి. చలనచిత్రచరిత్రకు మొదటి పుటలలో నిలిచిన ఆ బొమ్మలో వచ్చువారు చాలవరకు స్త్రీలు. ఒక నిమిషమైన లేని ఆ చిత్రమున వారు టోపీలు సవరించుకొని, ఒకరినొకరు త్రోసికొని, ఇండ్లకు పోవుచున్నారు. తీసినవారి పేర్లు లోకమంతయు ఎరుగును.

సాయంకాలము రెండు నదులు కలియుచోట కొంతసేపు కూర్చుంటిమి. రెండు నీళ్ల రంగులు కొంతదూరము వేరుగానే కనబడుచుండెను. మొదటిదినము ఇంటిపేరు మాటకు నవ్విన మాకు ఈసారి నవ్వు రాలేదు.

ఇంటికి వచ్చిన పిమ్మట చీర కొన్న దుకాణమునకు పోయి నేసినవారెవరని అడిగితిమి. “ఎవరో నేతవారమ్మా, చీర బాగున్నది గదా” యని మొదట నవ్విరి. మూడవసారి అడుగగా లెక్కలపుస్తకము తీసి చూచి చెప్పిరి. మగ్గముమీద కూర్చున్నది భర్త. పట్టు విప్పి కండెలు చుట్టినది భార్య. ఇద్దరి పేర్లును కాగితముమీద వ్రాసి ఆ చీర మడతలోనే ఉంచినాము. సోదరీమణులు ఈమారు పట్టుచీర కొనునప్పుడు వెలతోబాటు ఈ ప్రశ్నయు అడుగుదురుగాక. మొదటిసారి నవ్వినను, పదిమంది అడిగినచో పుస్తకము తీయక తప్పదు.