విద్యార్థి మనోవేదన వినే నాథుడెవరు?

దేశంలో 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నట్లు జాతీయ నేర గణాంక సంస్థ నివేదిక వెల్లడించింది. ఆ ఏడాది నమోదైన మొత్తం ఆత్మహత్యలలో ఇది 7.6 శాతం. చదువులకు పోటీ పెరిగినంత వేగంగా, ఆ పోటీలో అలసిన మనసులకు ఆసరా పెరగలేదన్నది కాదనలేని వాస్తవం.

ఈ పరిస్థితిని సుప్రీంకోర్టు 2025లో రెండు పర్యాయాలు తీవ్రంగా పరిగణించింది. ఢిల్లీ ఐఐటీలో 2023లో మరణించిన ఇద్దరు విద్యార్థుల కుటుంబీకుల అప్పీలును విచారించి, ఉన్నత విద్యాసంస్థలలో మానసిక ఆరోగ్య స్థితిగతులను పరిశీలించేందుకు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని మార్చి 24న నియమించింది. విశాఖపట్నంలో 2023లో మరణించిన నీట్ విద్యార్థిని కేసులో జులై 25న పదిహేను మార్గదర్శకాలు జారీ చేసింది. తగిన చట్టం వచ్చేవరకు విద్యాసంస్థలన్నీ వీటిని పాటించవలసిందే.

వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత గల సలహాదారును, మనస్తత్వ నిపుణుని లేదా సామాజిక కార్యకర్తను కనీసం ఒకరినైనా నియమించాలి. అంతకంటె చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బందికి ఏటా రెండుసార్లు శిక్షణ ఇప్పించాలి. సాధ్యమైనంత వరకు మార్కులను బట్టి విద్యార్థులను వేర్వేరు బ్యాచ్‌లుగా విభజించరాదు.

ఆదేశాలు స్పష్టంగానే ఉన్నాయి. అమలు చేసే మనుషులేరీ అన్నదే ప్రశ్న. దేశంలో లక్ష జనాభాకు మానసిక వైద్యులు 0.75 మంది మాత్రమే ఉన్నారనీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ముగ్గురనీ 2023-24 ఆర్థిక సర్వే పేర్కొంది. వేలాది విద్యార్థులున్న విశ్వవిద్యాలయంలో ఒక్క సలహాదారును నియమించి చేతులు దులుపుకొంటే ఆశించిన ప్రయోజనం నెరవేరదు. విద్యార్థుల సంఖ్యకు తగిన నిష్పత్తిలో సలహాదారులు ఉండాలని కోర్టు నిర్దేశించిన కారణం అదే.

అంతకు మించిన అవరోధం నమ్మకం. సలహాదారుకు చెప్పుకొన్నది వార్డెన్ చెవినో, తల్లిదండ్రుల చెవినో పడుతుందన్న శంక ఉంటే ఏ విద్యార్థీ ఆ గది గడప తొక్కడు. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ ప్రసాదించింది. ఈ సంగతి ఎందరు విద్యార్థులకు తెలుసునన్నది సందేహమే. ప్రవేశాల నాడే ఈ హక్కును వివరించడం, సలహాదారు గదిని పాలనా విభాగానికి దూరంగా ఏర్పాటు చేయడం ఖర్చుతో కూడిన పనులు కావు.

క్యాంపస్‌లో సహాయం అందనివారికి 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవ ఉంది. 14416కు రేయింబవళ్లు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరును హాస్టళ్లలో, తరగతి గదులలో ప్రదర్శించాలని కోర్టు ఆదేశించింది. గోడమీది నంబరు అత్యవసర వేళ ఆదుకుంటుంది. కానీ ప్రతిరోజూ ఎదురుపడి పలకరించే మనిషికి అది ప్రత్యామ్నాయం కాజాలదు. సలహాదారు పోస్టును బోధనా పోస్టుతో సమానమైన అవసరంగా పరిగణించిన నాడే న్యాయస్థానం ఆశయం నెరవేరుతుంది.