దుబాయికి రెండున్నర గంటలేనా?

లింగంపేట, ఎల్లారెడ్డి, కామారెడ్డి చుట్టుపక్కల గల్ఫ్‌కు పోయిన మనిషి లేని వాడ అరుదు. అయినా ఆ ప్రయాణం గురించి తప్పు లెక్కలు ఇంటింటా తిరుగుతూనే ఉన్నాయి. వాటివల్ల నష్టపోయేది అప్పు చేసి టికెట్ కొన్న మనిషే. అందుకే వీటిని సరిచేసుకోవాలి.

అపోహ: హైదరాబాద్ నుంచి దుబాయికి రెండున్నర గంటలే.

టికెట్ మీద ఉదయం 10:00కు బయలుదేరి 12:30కు దిగుతున్నట్టు ఉంటే అట్లాగే అనిపిస్తుంది. కానీ టికెట్‌లో ఏ ఊరి సమయం ఆ ఊరిదే వేస్తారు. దుబాయి గడియారం మనకన్నా గంటన్నర వెనక. అక్కడ పన్నెండున్నర అయ్యేసరికి లింగంపేటలో రెండు కొడుతుంది. అసలు ప్రయాణం నాలుగు గంటలు. దూరం సుమారు 2,550 కిలోమీటర్లు, అంటే విమానంలో ఢిల్లీ పోయి మళ్లీ హైదరాబాద్ వచ్చినంత. బొంబాయి పోయి విమానమెక్కిన పాతతరం చెప్పే లెక్క వేరు. అక్కడి నుంచి దుబాయి సుమారు 1,930 కిలోమీటర్లే.

అపోహ: వచ్చేటప్పుడే ఎక్కువసేపు పడుతుంది.

రాత్రి 22:00కు దుబాయిలో ఎక్కితే 03:05కు శంషాబాద్‌లో దిగినట్టు ఉంటుంది. ఐదు గంటలు కాదు, గంటన్నర తీసేస్తే మూడు గంటల ముప్పై ఐదు నిమిషాలు. నిజానికి సాధారణంగా రాకే తొందరగా ముగుస్తుంది. పైన, విమానాలు ఎగిరే ఎత్తులో, పడమటి నుంచి తూర్పుకు వీచే గాలులు చలికాలంలో బలంగా ఉంటాయి. వచ్చే విమానాన్ని అవి ముందుకు నెడతాయి, పోయేదానికి అడ్డుపడతాయి. వానాకాలంలో ఆ గాలులు ఉత్తరానికి జరుగుతాయి, తేడా తగ్గుతుంది.

భూమి తూర్పుకు తిరుగుతుంది గనక దుబాయే మనకు ఎదురొస్తుందని కొందరంటారు. భూమితోపాటే గాలీ తిరుగుతుంది, అందులో ఎగిరే విమానమూ తిరుగుతుంది. ఎదురొచ్చేదేమీ లేదు.

అపోహ: గల్ఫ్ అంతా ఒకటే దూరం.

హైదరాబాద్ నుంచి మస్కట్ 2,200 కిలోమీటర్లు, రియాద్ 3,400, జెద్దా 4,100కు పైనే. ఒమన్ గడియారం దుబాయిదే. సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్‌లవి మనకన్నా రెండున్నర గంటలు వెనక.

అపోహ: 15వ తేదీ 00:40 అంటే 15 రాత్రి.

అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇదే. అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుంది, కాబట్టి అది 14వ తేదీ రాత్రే. మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండమంటారు. చెకిన్ కౌంటర్లు గంట, గంటంబావు ముందే మూసేస్తారు. లింగంపేట నుంచి శంషాబాద్ రోడ్డు మీద 150 కిలోమీటర్లకు పైనే. అంటే 14న సాయంత్రం నాలుగైదింటికల్లా బండి కదలాలి. ఆకాశంలో నాలుగు గంటలకు నేల మీద ఏడెనిమిది గంటలన్నమాట. తీసుకురావడానికి పోయేవాళ్లకూ ఇదే చిక్కు: 20 రాత్రి దుబాయిలో ఎక్కిన మనిషి 21 తెల్లవారుజామున దిగుతాడు. టికెట్‌లో దిగే సమయం పక్కన +1 కనిపిస్తే మరుసటి రోజని అర్థం.