జొన్నల బస్తాలో గోధుమ గింజ
గ్లూటెన్ పరీక్షలో నమూనాదే ముఖ్యపాత్ర

తరిగొప్పుల ప్రాంతంలో పండే వరి, మొక్కజొన్న, జొన్నలలో గ్లూటెన్ లేదు. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలోని మాంసకృత్తులకే ఆ పేరు. అయినా 'గ్లూటెన్ రహితం' అన్న ముద్రతో పోవలసిన జొన్నపిండి ప్రయోగశాలలో తప్పిపోవచ్చు. దోషం చేనులో ఉండదు. గోధుమలు పోసిన పాత గోనెసంచిలోనో, ఊడ్వని లారీలోనో, గోధుమలు కూడా ఆడించే గిర్నిలోనో ఉంటుంది. అమెరికాలో 2010లో వెలువడిన ఒక పరిశీలనలో, సహజంగా గ్లూటెన్ లేని ధాన్యాలు, పిండ్లు 22 నమూనాలు పరీక్షించగా 7 హద్దు దాటాయి.

హద్దు కిలోకు 20 మిల్లీగ్రాములు. కోడెక్స్ అంతర్జాతీయ ప్రమాణం 2008 సవరణలోను, మన దేశపు నిబంధనలలోను అదే అంకె. అంటే క్వింటాలుకు 2 గ్రాములు. గోధుమలో పదోవంతు గ్లూటెన్ అనుకుంటే, క్వింటాలు జొన్నల్లో 20 గ్రాముల గోధుమలు, అనగా సుమారు 500 గింజలు కలిస్తే చాలు. గుప్పెడు కూడా నిండదు. తేమ, తాలు, మట్టి చూసే కంటికి ఇది ఆనదు.

ఎక్కువగా వాడుకలో ఉన్నది ఎలైజా పరీక్ష. స్పెయిన్‌లో రూపొందిన ఆర్5 అనే ప్రతిరక్షకం గోధుమ మాంసకృత్తును పట్టుకుంటుంది; రంగు ముదిరేకొద్దీ పాలు ఎక్కువని లెక్క. కాగితపు పట్టీ పరీక్ష నిమిషాలలో ముగుస్తుంది గాని, గ్లూటెన్ మరీ ఎక్కువైతే కొన్ని పట్టీలు లేదని చూపే ప్రమాదం ఉంది. ఇటీవలిది మాస్ స్పెక్ట్రోమెట్రీ. కలిసింది గోధుమా, బార్లీయా అన్నది కూడా చెప్పగలదు. యంత్రం ఖరీదైనది.

పద్ధతి ఏదైనా చిక్కంతా నమూనా దగ్గరే. పై లెక్కన 200 గ్రాములకు సగటున ఒక గోధుమ గింజ. సంచిలో గొట్టం గుచ్చి 200 గ్రాములు తీస్తే, మూడింట ఒకసారికి పైగా ఒక్క గింజా పడదు, సరుకు నెగ్గుతుంది. రెండు పడితే అంకె 40, సరుకు వెనక్కి. ఒకే లాటుకు రెండు ఫలితాలు వచ్చినంత మాత్రాన ఎవరో మోసం చేశారనుకోనక్కరలేదు. అడ్తి వద్ద ఇట్టి తగాదాలు తేలిక కావు.

ఎలైజాకు ప్రయోగశాల తూచేది పావు గ్రాము పిండి మాత్రమే. కనుక పలు సంచులనుంచి కిలోలకొద్దీ తీసి, మొత్తం ఆడించి, బాగా కలిపిన తరువాతనే తూచాలి. ఆడించే యంత్రం ముందు శుభ్రం చేయకపోతే శ్రమంతా వృథా.

దక్షిణాదిలో గ్లూటెన్ సరిపడని సీలియాక్ వ్యాధిగ్రస్తులు తక్కువ. ఉత్తరాదిలో సుమారు నూటికి ఒకరు. కాబట్టి ఈ ముద్ర అడిగే కొనుగోలుదారు ఎక్కువగా దూరప్రాంతం వాడే. సరుకు వెనక్కి వస్తే రానుపోను కిరాయి ఎవరిది, మలి పరీక్షకు నమూనా ఎవరి ఎదుట తీయాలి అన్నవి బేరం కుదిరేటప్పుడే కాగితం మీద పెట్టుకోవాలి. కొత్త గోనెసంచుల ఖర్చు కూడా అందులోనే తేల్చుకోవాలి.